ఆగమన్న చోట

సీసాల్ని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ మూత దించి, ఆరు మరల్నీ ఎదురెదురుగా రెండేసి చొప్పున బిగించి, స్విచ్చి వేసి, వంటాయన గోడ గడియారం వంక చూశాడు. మూడూ పది. నీళ్ళు కాగి ఆవిరి పట్టడానికి పాతిక నిమిషాలు, ఆ వేడి మీద నిలవడానికి ఇరవై, ఆ తరువాత ఒత్తిడి చూపే ముల్లు సున్నాకు దిగేదాకా ఇంకో పావుగంట. తొందరపడి మూత తీస్తే లోపలి సీసాలు పొంగిపోతాయి, తీసినవాడి మొహం కాలిపోతుంది. కాబట్టి గంట. ఈ గంటలో చెయ్యడానికి పనేమీ లేదు, అలాగని గది వదిలి వెళ్ళడానికీ లేదు, ఎందుకంటే నడుస్తున్న ఆటోక్లేవ్‌ని ఒంటరిగా వదలరాదని ఎర్ర సిరాతో రాసి తలుపుకి అంటించింది ఆయనే. మనుషుల్ని వదిలినా ఎవరూ ఏమీ అనరు గానీ దాన్ని మాత్రం వదలకూడదు. సరిగ్గా ఈ గంటలోనే పై అంతస్తు ల్యాబులో పరిశోధన చేసే మిణుగురు పిల్ల తన ప్లేటుని వెలుగు కొలిచే పెట్టెలో పెట్టి తలుపు మూసి ఉంటుంది. తొంభై ఆరు గుంటల్లో కణాలు, ఒక్కో గుంటకీ రెండు వెలుగులు. ఆ రెండో వెలుగు వచ్చిందా, ఆయన బతికిపోతాడు. రాలేదా, రాదని ఆయనకు తొంభై పాళ్ళు తెలుసు, ఆ పిల్ల మెట్లు దిగి ఈ గదికే వస్తుంది, అదిగో ఆ ఎత్తుపీట మీద కూర్చుంటుంది, నేనెక్కడ తప్పు చేశాను బాబాయ్ అని అడుగుతుంది. నువ్వు కాదు తల్లీ, నేను అని అప్పుడు చెప్పాలి. లేదా నోరు మూసుకుని, పోనీలే, మళ్ళీ చేద్దాం అనాలి. ఈ రెంటిలో ఏదో ఒకటి తేల్చుకోవడానికి ఆయనకున్నది ఆ గంటే.

ముల్లు ఇంకా కదలలేదు. వంటాయన అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. కణాలకు తిండి తయారయ్యే గది గనుక దీన్ని వంటగది అంటారు, చేసే మనిషి గనుక ఆయన్ని వంటాయన అంటారు. ఇంట్లో కోడిగుడ్డు ఉడకబెడితే పెంకు పగిలి సగం నీళ్ళలో తేలే మనిషికి ఇదేం పేరండీ అని ఆయన భార్య బతికున్నన్నాళ్ళూ నవ్వింది. నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, ముందు పన్ను కొంచెం వంకర అని. ఆ పన్ను ఇప్పుడు ఆయనకు తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ గుర్తుండి ఉండదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉప్పులు తూచాడు, చక్కెర తూచాడు, సీరం కలిపాడు, పులిస్తే పసుపుకి తిరిగే ఎర్ర రంగు కలిపాడు, సన్నని వడపోతలోంచి సీసాల్లోకి దింపాడు. ఆ తిండినే మీడియం అంటారు. పురుగు పట్టకుండా మందు కలిపిన మీడియానికి నల్ల మూత, మందు లేనిదానికి ఆకుపచ్చ మూత. ప్రతి సీసాకీ పుస్తకంలో ఒక వరస, ఆ వరసకి నాలుగు గడులు: తేదీ, ఏమిటి, ఎంత, ఎవరు అడిగారు. ఆ నాలుగో గడి ఆయన సొంత ఏర్పాటు. ఎవరూ అడగకుండా ఇక్కడ ఏదీ తయారు కాదు అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేటప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం ఉండేది. పుస్తకాలు పద్నాలుగు అయ్యాయి, బల్ల మీది అరలో వరసగా ఉన్నాయి. వాటిలో ఒక్క కొట్టివేత కూడా దొరకదు. రాయనిది మాత్రం ఒకటుంది.

ఏదో మరిగిన చప్పుడు. ఆవిరి పడుతోంది. రెండేళ్ళ కిందట ఆ రోజు కూడా ఇదే చప్పుడు, ఆ పిల్ల వచ్చి పీట మీద కూర్చుంది, చేతులకి గ్లవ్స్ తియ్యలేదు, అందుకని కళ్ళు మోచేత్తో తుడుచుకుంటోంది. మూడోసారి. ఆకుపచ్చ మూత సీసాల్లో పెంచిన కణాలు మూడోసారి పాడయ్యాయి, పొద్దున చూసేసరికి మీడియం పసుపుగా మజ్జిగలా విరిగిపోయి ఉంది, ఎక్కడినుంచో కంటికి కనపడని పురుగు చొరబడింది. అప్పటికి చేరి రెండేళ్ళు అయింది, చూపించడానికి చేతిలో ఒక్క అంకె లేదు. మందు కలుపుకుంటే పురుగు రాదు గదమ్మా అన్నాడాయన. పెద్దాయన ఒప్పుకోరు బాబాయ్, ఈ పనికి మందు పనికిరాదంటారు, అంది. పెద్దాయన అంటే ఆ పిల్ల పనిచేసే ల్యాబుకి అధిపతి, ఆయన ఒకసారి కాదంటే కాదు. పని చేతకానివాళ్ళు వెళ్ళిపోవచ్చు అన్నార్ట. వెళ్ళిపోతే మళ్ళీ ఎక్కడికి అని వంటాయన అడగలేదు. ఆ పిల్లకి తల్లి లేదు, తండ్రి ఇంకో సంసారంలో ఉన్నాడు, హాస్టలు గదిలో కిటికీ కూడా లేదు, అవన్నీ ఆ పీట మీద కూర్చుని ఆటోక్లేవ్ చల్లారేలోపు ఎప్పుడెప్పుడో చెప్పినవే. ఈ గదిలోకి సీసాల కోసం కాకుండా ఊరికే వచ్చి కూర్చున్న మనిషి ముప్పై ఏళ్ళలో ఆ పిల్ల ఒక్కతే. భార్య పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇంటికి పోతే గోడలు, ఇక్కడికి వస్తే సీసాలు. ఎవరో ఒకరు వచ్చి బాబాయ్ అని పిలిచి కాళ్ళూపుకుంటూ కూర్చుంటే ఆ మధ్యాహ్నం ఎంత తేలిగ్గా గడిచేదో చెబితే ఎవరికి అర్థమవుతుంది? ఆ మర్నాడు కొత్త సీసాలు వడపోస్తూ, ఫ్రిజ్‌లో వెనక వరసలో గోధుమరంగు చిన్న సీసా కనిపిస్తే, తీశాడు. జెంటామైసిన్, పురుగుని చంపే మందు. ఐదు చుక్కలు వేశాడు. మూత మాత్రం ఆకుపచ్చదే పెట్టాడు. పుస్తకంలో ఎప్పటిలాగే రాశాడు, మందు లేదని. తరువాత ఎప్పుడైనా భయమేస్తే ఐదు పది అయ్యేవి. ఆ రోజు నుంచి ఆ పిల్ల కణాలకి ఒక్క పురుగు పట్టలేదు. మీ చెయ్యి మంచిది బాబాయ్ అనేది. తన చేతిని చూసుకుని ఆయన మురిసిపోయేవాడు.

ముల్లు లేచింది. వేడి పట్టింది, ఇక ఇరవై నిమిషాలు. చారల టేపు ముక్క ఒకటి బల్లకి అంటుకుని ఉంది, దాన్ని గోటితో గీకాడు. సీసాల మీద అంటించే ఈ టేపు మీద ముందు చారలు కనపడవు, వేడి తగిలాక నల్లగా తేలతాయి. దీని మీదే ఆ పిల్ల ఆయనకి తన పని మొత్తం చెప్పింది. మూరెడు టేపు లాగి బల్ల మీద పరిచి పెన్నుతో మూడేసి అక్షరాలు రాసుకుంటూ పోయింది. ఇది రాత బాబాయ్, దీని మీద రైబోజోమ్ అని ఒక యంత్రం నడుస్తుంది, మూడక్షరాలు చదువుతుంది, ఒక పూస గుచ్చుతుంది, మళ్ళీ మూడు, మళ్ళీ పూస. అలా దండ తయారవుతుంది, దాన్నే ప్రోటీన్ అంటాం. చివర్లో ఆగు అని మూడక్షరాలుంటాయి. అక్కడికి రాగానే ఒకడు వచ్చి దండని తెంపుతాడు. పని అయిపోయింది. మరి ఆగకపోతే? అన్నాడాయన. అదే నా పని అంటూ కళ్ళు పెద్దవి చేసింది. నూటికి ఏ ఒక్కసారో, వెయ్యికి ఏ ఒక్కసారో ఆ తెంపేవాడు వచ్చేలోపు ఇంకెవడో పూస పట్టుకుని ఆ ఆగు మీదే కూర్చుంటాడు, యంత్రం దాటి వెళ్ళిపోతుంది, దండకి తోక పెరుగుతుంది. ఆ ఆగు తరువాత వచ్చే ఒక్క అక్షరాన్ని బట్టి ఉంటుంది చాలావరకు, దాటుతుందా లేదా అన్నది. కొన్ని చోట్ల అది పొరపాటు కాదు, కణం కావాలనే దాటిస్తుంది, ఆ తోక ఉన్న ప్రోటీన్ వేరే పనికి పోతుంది. అలాంటిది మా కణాల్లో ఒకటుందని నా నమ్మకం. తను ఆ రాతలో ఒక పక్క ఒక సముద్రపు జీవికి వెలుగిచ్చే ప్రోటీన్ రాతని దీపంగా పెట్టిందట, మధ్యలో ఆగు, అవతల మిణుగురు దీపం. యంత్రం బుద్ధిగా ఆగితే మొదటి దీపమే వెలుగుతుంది. రెండోదీ వెలిగిందంటే దాటిందన్న మాట. అప్పట్నుంచి ఆయన ఆ పిల్లని మిణుగురు పిల్ల అన్నాడు, మిగతావాళ్ళూ అదే అందుకున్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల మీదుగా పైకి లాక్కెళ్ళి తెర మీద అంకె చూపించింది. నూటికి నాలుగుసార్లు దాటుతోంది. ఇదేదో పెద్దదా అన్నాడాయన. పెద్దదా ఏంటి బాబాయ్, అని అక్కడే గెంతింది. ఆ గెంతే గెంతులో ఆయన కాలు తొక్కింది కూడా. ఆ నొప్పి రెండు రోజులుంటే రెండు రోజులూ ఆయనకు హాయిగానే ఉంది.

వాల్వులోంచి సన్నగా ఆవిరి కూత. ఇంకెంతసేపు? పన్నెండు నిమిషాలు. ఇంకో ఊళ్ళో ఇంకో ల్యాబులో ఒక కుర్రాడు ఇదే పని తన కణాల్లో చేసి చూస్తే రెండో దీపం వెలగలేదని ఉత్తరం రాశాడు. ఆరు నెలలు ప్రయత్నించాడట. వాళ్ళకి కణాలు పెంచడం చేతకాదు అని పెద్దాయన తేల్చేశాడు, ఆ మాట కాస్త మర్యాదగా మార్చి ఈ పిల్లే జవాబు రాసింది, రాసి ఈ గదిలోనే వినిపించింది. ఆ కుర్రాణ్ణి వాళ్ళ పెద్దాయన ఏమని ఉంటాడో. పని చేతకానివాళ్ళు వెళ్ళిపోవచ్చు అని ఉంటాడు. వాడు ఎవరి వంటగదిలో పీట మీద కూర్చుని మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడో. వంటాయన అప్పుడు ఇదేదీ అనుకోలేదు, అనుకోవడానికి ఆయనకి తెలిస్తే గదా. తెలిసింది పది రోజుల కిందట. మీరు రావాల్సిందే బాబాయ్ అని ఆ పిల్ల పట్టుబడితే ఇస్త్రీ చొక్కా వేసుకుని సెమినార్ హాల్లో చివరి వరసలో కూర్చున్నాడు. తెర మీద యంత్రం బొమ్మ వచ్చింది. ఒక జాతి మందులున్నాయి, అవి ఈ యంత్రం లోపల కూర్చుని దాని పట్టు వదులు చేస్తాయి, అప్పుడది సరైన పూసకీ తప్పు పూసకీ తేడా తెలియక ఆగమన్న చోట ఆగకుండా పోతుంది, అని చెబుతోంది ఆ పిల్ల. బొమ్మ కింద మందుల పేర్లు. మూడో పేరుని వంటాయన రెండోసారి చదువుకున్నాడు. ఇంగ్లీషు ఆయనకు అంతంత మాత్రమే గానీ ఆ పేరు ఫ్రిజ్‌లో వెనక వరసలో రెండేళ్ళుగా రోజూ చూస్తున్నదే. ఎవరో లేచి, మరి మీ ప్రయోగంలో ఏ మందూ లేదని నమ్మకమేమిటి అని అడిగారు. ఆ పిల్ల నవ్వింది. మాది మందు లేని మీడియం, అది మా వంటాయన చేత్తో చేసింది, అదిగో చివరి వరసలో ఉన్నారు, ఆయన పుస్తకంలో ఇప్పటిదాకా తప్పు పోయింది లేదు, అంది. హాలు మొత్తం వెనక్కి తిరిగింది. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. తల తీసేసినట్టయింది ఆయనకి. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు, ఆయన మాత్రం చేతులు జోడించి నవ్వాడు.

మర్నాడు చుక్కలు వెయ్యకుండా సీసాలు నింపి ఇచ్చాడు. అదీ చెప్పకుండానే. నిజంగా ఆకుపచ్చవి, రెండేళ్ళలో మొదటిసారి. ఒకవేళ వెలిగితే? ఒకవేళ ఆ పిల్ల నమ్మకమే నిజమై ఆయన మందుతో పనిలేకుండానే రెండో దీపం వెలిగితే, ఆ గోధుమరంగు సీసా తూములో పారబోసి, ఈ విషయం తనతోపాటే మట్టిలో కలిపేసుకోవచ్చు. ఈ పది రోజులూ ఆయన ఆ ఒక్క ఆశ మీదే అన్నం తిన్నాడు. ఈసారి సీసాలు భలే ఉన్నాయి బాబాయ్, కణాలు గబగబా పెరుగుతున్నాయి, అంది మొన్న. అవును, తిండిలో విషం తీసేస్తే పెరగవూ.

ఇరవై నిమిషాలూ అయిపోయాయి. స్విచ్చి ఆపాడు. ముల్లు ఇక దిగాలి, అది ఎంత నెమ్మదిగా దిగుతుందో ఆయనకంటే తెలిసినవాళ్ళు లేరు, ఆసుపత్రిలో కూడా ఇలాంటి ముల్లు ఒకటి ఆక్సిజన్ సిలిండర్ మీద ఉండేది, దాన్ని చూస్తూనే పదకొండు రోజులు కూర్చున్నాడు. ఇక చాలండీ, ఇంటికి తీసుకెళ్ళండి, అంది ఆయన భార్య, ఆ పదకొండు రోజులకు ముందురోజు సాయంత్రం. చాలా మామూలుగా అంది, ఇంకో ముద్ద అన్నం వద్దన్నట్టు. సరే అన్నాడాయన. సరే అని బయటికి వెళ్ళి డాక్టరు దగ్గర ఇంకో విడత మందుకి సంతకం పెట్టి వచ్చాడు. కొత్త సంచి వేలాడదీశారు. ఏమిటది అంది. ఏం లేదు, ఉప్పునీళ్ళే, నీరసం తగ్గడానికి అన్నాడు. ఆవిడ తల తిప్పి ఆ సంచి వంక చాలాసేపు చూసింది. అది లేత పసుపు రంగులో ఉంది. ఉప్పునీళ్ళు కాచేవాడి పెళ్ళాన్ని, పాతికేళ్ళ బట్టి, అని మాత్రం అంది, అని కళ్ళు మూసుకుంది. ఇంటి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయనతో ఏ మాటా పెద్దగా ఎత్తలేదు, ఫ్యాను తగ్గించమనీ దుప్పటి కప్పమనీ తప్ప. ప్రేమతోనే చేశాడు. ఆ మాట ఆయన ఆరేళ్ళుగా తనకి తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. ప్రేమ కాదని ఎవరన్నారు గనక? పదకొండు రోజులు ఎక్కువ బతికింది, ఆ పదకొండు రోజులూ ఆయన కోసం బతికింది. తన ఇంట్లో, తన మంచం మీద, కిటికీ వైపు తిరిగి పడుకోవాలన్న ఒక్క కోరికా తీరకుండా పోయింది. ఆవిణ్ణి అడిగి ఉంటే వద్దనేది. వద్దంటుందని తెలుసు గనకే అడగలేదు. ఈ పిల్లని కూడా అందుకే అడగలేదా? కళ్ళ ముందు ఎవరైనా బాధపడితే చూడలేకపోవడం, చూడలేక వాళ్ళ సీసాలో ఏదో ఒకటి వేసెయ్యడం, వేసి మూత మాత్రం వాళ్ళడిగిన రంగుదే పెట్టడం. ఇంతేనా తను? బతుకంతా మంచివాడు మంచివాడు అనిపించుకున్నది ఇందుకేనా? ఆయనకు ఏడుపు వచ్చింది గానీ బయట మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

ఆ పిల్ల పీట మీద కూర్చోలేదు. చేతిలో కాగితం ఉంది.

"పోయింది బాబాయ్. నాలుగు రావాల్సింది పావు వచ్చింది. పావంటే ఏమీ లేనట్టే, ఏ కణమైనా ఆ మాత్రం పొరబడుతుంది. రెండుసార్లు చదివాను. ఈసారి నేనేదో చేశాను. ఏం చేశానో తెలీట్లేదు."

మళ్ళీ చేద్దాంలే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అంటే ఆ పిల్ల కూర్చుంటుంది. కాళ్ళూపుతుంది. ఇంకో రెండేళ్ళు తనలో తనే తప్పు వెతుక్కుంటుంది, రోజూ వచ్చి ఈయనకే చెప్పుకుంటుంది. వంటాయన లేచి ఫ్రిజ్ తెరిచి వెనక వరసలోంచి గోధుమరంగు సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈసారి నువ్వూ ఏం చెయ్యలేదు, నేనూ ఏం చెయ్యలేదు. అందుకే పోయింది. ఇంతకుముందు నీ సీసాలన్నిట్లో ఇది వేశాను తల్లీ."

ఆ పిల్ల సీసా చేతిలోకి తీసుకుని పేరు చదివింది. మూడు పదాలున్న చీటీని చదవడానికి అంతసేపు ఎవరికీ పట్టదు.

"ఎప్పట్నుంచి?"

"మూడోసారి పాడైన మర్నాటి నుంచి."

"అందరి ముందూ మీ పేరు చెప్పాను."

"చెప్పావు."

"ఆ అబ్బాయికి కణాలు పెంచడం రాదని రాశాను. నా చేత్తో రాశాను."

"నువ్వు అలా ఏడుస్తుంటే చూడలేక..."

ఆ పిల్ల చెయ్యెత్తింది. "చాలు బాబాయ్. ఇక చాలు. ఇంకేం చెప్పొద్దు."

చెప్పాల్సింది ఎంతో ఉంది. వాక్యం సగంలో ఉంది, మిగతా సగం గొంతులో సిద్ధంగా ఉంది, నీకంటే నాకెవరున్నారన్నది అందులోనే ఉంది, ఆ ఒక్క మాట అంటే ఆ పిల్ల మనసు కరుగుతుందని కూడా ఆయనకు తెలుసు. ఆయన ఆగిపోయాడు. ఆగడానికి ఇంత బలం కావాలని అరవై ఏళ్ళ వయసు దగ్గర పడుతున్నా ఆయనకు తెలియదు. రెండు చేతులూ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిరి కూత సన్నబడి సన్నబడి ఆగింది. ముల్లు సున్నా మీద నిలిచింది. మూత తియ్యొచ్చు, తియ్యలేదు. ఆ పిల్ల గోధుమరంగు సీసా జేబులో వేసుకుని తలుపు దాకా వెళ్ళింది, అక్కడ ఎర్ర సిరా కాగితం ముందు వీపు ఇటు పెట్టి నిలబడింది.

"తేదీలు కావాలి. ఏ సీసాలో ఎన్ని చుక్కలో, అన్నీ. రేపు పొద్దున పెద్దాయనకి చూపించాలి. ఆ అబ్బాయికీ రాయాలి."

బాబాయ్ అనలేదు. చెప్పుల చప్పుడు మెట్లెక్కి పోయింది, ఆయన వెనక వెళ్ళలేదు.

పద్నాలుగో పుస్తకం దించి చివరి తెల్ల పేజీ తెరిచాడు. గుర్తు చేసుకోవాల్సిన అవసరం రాలేదు, ఒక్కొక్క సీసా, అది నింపిన రోజు ఆ పిల్ల ఏం చెప్పిందో, నవ్విందో లేదో, అన్నీ అలాగే ఉన్నాయి. మొదటి గడిలో తేదీ వేశాడు. రెండో గడిలో మందు పేరు రాశాడు. మూడో గడిలో ఐదు చుక్కలు. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంటున్న మొహం ఒకటి, తల తిప్పి పసుపు సంచి వంక చూస్తున్న మొహం ఒకటి, రెండూ ఆ గడిలోకే చూస్తున్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ గడి ఒక్కసారి కూడా ఖాళీగా వదల్లేదు. ఎవరు అడిగారు అన్నదాని కింద, తన గుండ్రటి అక్షరాలతో, ఆయన రాశాడు: ఎవరూ అడగలేదు.